క్లాప్ కోర్నాస్ 2006 తెరిచాం: మిరియం, పొగ, వగరు

ద్రాక్షారామం (లియోన్)

అందరికీ నమస్కారం. మొన్న శనివారం క్లాప్ కుటుంబం వారి కోర్నాస్ 2006 (ఫ్రాన్స్ ఎర్ర వైన్, 2006 పంటది) తెరిచాం. మన దగ్గర బోర్డో గురించీ బర్గండీ గురించీ పేజీల కొద్దీ చర్చలున్నాయి. ఉత్తర రోన్ ఎర్ర వైన్ల మీద మాత్రం ఎవరూ నాలుగు ముక్కలు రాసినట్టు లేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం ముందుగా. లియోన్ నుంచి రోన్ నది వెంట దక్షిణానికి వెళ్తే వలాన్స్ వస్తుంది. దానికి ఎదురుగా, పడమటి ఒడ్డున కోర్నాస్ అని చిన్న ఊరు. ఆ ఊరి వెనకున్న కొండవాలు మీద పండిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్‌కే ఆ పేరు పెట్టుకునే హక్కుంది. 1938 నుంచీ ఇదే నియమం. వాడే ద్రాక్ష ఒక్కటే, సిరా. అదే లోయలోని కోట్-రోటీ వైన్‌లో అయితే వియోనియే అనే తెల్ల ద్రాక్ష 20 శాతం దాకా కలుపుకోవచ్చు. పక్కనే ఉన్న ఎర్మిటాజ్ ఎర్ర వైన్‌లో కూడా తెల్లవి 15 శాతం దాకా వేసుకోవచ్చు. కోర్నాస్‌లో ఆ వెసులుబాటు లేదు, నూటికి నూరు పాళ్లూ సిరానే.

ఇక సీసా సంగతి. అడుగున మడ్డి బాగానే ఉంది కాబట్టి ముందు రోజే నిలబెట్టి ఉంచాను. సాయంత్రం కార్క్ తీసి, మడ్డి కదలకుండా డికాంటర్ అనే వెడల్పాటి గాజు కూజాలోకి వంపాను. తీయగానే వాసన ఏమంత బాగా లేదు. కాలిన అగ్గిపుల్ల, కాస్త రబ్బరు. సిరాకి ఇది మామూలే, గాలి తగలనివ్వాలి. ఓ గంటకి నల్ల మిరియం వచ్చింది, ఆ వెనకే నల్ల ఆలివ్, పొగబెట్టిన మాంసం. భోజనానికి కూర్చునే వేళకి ఎండిన వయొలెట్ పువ్వులు కూడా లీలగా తెలిశాయి. పండు ఉంది, నేరేడు, కానీ తీపి లేని నేరేడు.

నోట్లో పోసుకోగానే ముందు పులుపు తగులుతుంది. వగరు కాసేపాగి చిగుళ్ల మీదికి వస్తుంది. మింగాక చాలాసేపటి వరకు ఇనుము, రక్తం లాంటి ఉప్పటి రుచి నాలుక వెనక భాగంలో ఉండిపోతుంది. ఇన్నేళ్లు గడిచినా గరుకుదనం పూర్తిగా పోలేదు. పోవాలని నేను కోరుకోను కూడా. ‘స్మూత్‌గా ఉంది’ అనే మెచ్చుకోలు ఈ వైన్‌కి పనికిరాదు. మెత్తగా జారిపోయే ఎర్ర వైన్లు ప్రపంచం నిండా ఉన్నాయి, అవి కావాలంటే కోర్నాస్ దాకా రానక్కర్లేదు.

ఇంకెవరైనా తాగారా? మీ అనుభవాలు చెప్పండి.

---

బెజవాడ_బుల్లోడు

రబ్బరు, కాలిన అగ్గిపుల్ల, ఇనుము, రక్తం... అన్నా, ఇది వైన్ గురించేనా లేక పంక్చర్ షాపు గురించా? 😀

సీరియస్‌గా అడుగుతున్నా, దీనికి ఎంత పోశావు? ఆ డబ్బుతో ఇక్కడ మాకు ఏమేం వచ్చేవో లెక్క వేసుకోవాలి.

---

ద్రాక్షారామం (లియోన్)

హహ, అడుగు తమ్ముడూ. నేను కొన్నప్పుడు ధర ఇంకా మనుషుల లెక్కలో ఉండేది. ఇప్పుడు క్లాప్ కోర్నాస్ కొత్త సంవత్సరానిది కావాలన్నా 100 యూరోలు దాటుతుంది. పాతవి దొరికితే వాళ్లు చెప్పిందే ధర. అదే ఊళ్లో మిగతావాళ్ల దగ్గర 40, 50 యూరోలకి మంచి కోర్నాస్ దొరుకుతుంది. విన్సెంట్ పారీ ‘గ్రానిట్ 30’ చూడు. లేతగా ఉన్నప్పుడే తాగొచ్చు, మరీ పళ్లు పులిసేంత వగరు ఉండదు.

---

కెమిస్ట్రీ_మాస్టారు (వరంగల్)

మీ మిరియం వాసన వట్టి వర్ణన కాదండీ. సిరా తొక్కలో రోటండోన్ అనే పదార్థం ఉంటుంది. మన వంటింట్లో మిరియాలకి ఆ ఘాటైన వాసన వచ్చేది కూడా దానివల్లే. అంటే పోలిక కాదు, రెండింట్లోనూ ఉన్నది ఒకటే అణువు. ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ వాళ్లు షిరాజ్ మీద పని చేస్తూ దీన్ని పట్టుకుని 2008లో ప్రచురించారు. షిరాజ్ అన్నా సిరా అన్నా ఒకటే ద్రాక్ష.

ఎర్ర వైన్ లీటరుకి 16 నానోగ్రాములు ఉంటే చాలు, ముక్కు పట్టేస్తుందని వాళ్ల లెక్క. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు! చల్లటి చోట్ల, చల్లటి సంవత్సరాల్లో ఇది ఎక్కువగా తయారవుతుంది. ఎండలు మండిన ఏడాది తగ్గిపోతుంది, పండు రుచి పెరుగుతుంది.

ఇంకో తమాషా. ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్లలో ఐదింట ఒక వంతు మందికి ఈ వాసన పరీక్షించిన అత్యధిక మోతాదులో ఇచ్చినా అసలు తెలియలేదు. కాబట్టి ఒకే సీసా చుట్టూ కూర్చుని ఒకరు ‘మిరియాలు!’ అని, ఇంకొకరు ‘ఎక్కడ?’ అని కొట్టుకుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు.

---

హ్యూస్టన్_మావయ్య

> ఐదింట ఒక వంతు మందికి అసలు తెలియలేదు

మాస్టారూ, మీరు నా పరువు కాపాడారు. ఏళ్ల తరబడి మా గ్యాంగ్ అంతా సిరా తాగుతూ మిరియం మిరియం అంటుంటే నాకు మాత్రం పండు, పొగ తప్ప ఏమీ తెలిసేది కాదు. వీళ్లంతా పుస్తకంలో చదివి చెబుతున్నారనుకునేవాణ్ణి.

ఒక ప్రశ్న. సిరా ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందని, క్రూసేడ్ మతయుద్ధాలకి వెళ్లొచ్చిన ఎవరో వీరుడు తెచ్చి ఎర్మిటాజ్ కొండ మీద నాటాడని మా దగ్గర టేస్టింగుల్లో చెబుతుంటారు. నిజమేనా?

---

కెమిస్ట్రీ_మాస్టారు (వరంగల్)

కథ బాగుంటుంది కానీ డీఎన్ఏ ఒప్పుకోలేదు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లూ, ఫ్రాన్స్‌లో మోంపెలియే వాళ్లూ కలిసి 1990ల చివర్లో తేల్చారు. సిరా తల్లి మొందూజ్ బ్లాంష్, తండ్రి డ్యురేజా. తల్లిది సావోయ్ ప్రాంతం, తండ్రిది ఆర్డెష్. రెండూ రోన్ లోయకి ఇరుగుపొరుగే. అంటే ఈ పిల్ల అక్కడే పుట్టి అక్కడే పెరిగింది.

---

లక్ష్మి_గ్రెనోబుల్

నేను మాంసం తినను, వైన్ కూడా తక్కువే. కానీ మావారికి కోర్నాస్ అంటే ప్రాణం కాబట్టి ఆ కొండ ఎక్కించారు. దాని గురించి చెబుతాను.

ఊరు చూస్తే ఏమీ ఉండదు. ఒక రోడ్డు, చర్చి, రాతి ఇళ్లు. ఇళ్ల వెనక నుంచే కొండ గోడలాగా లేస్తుంది. ట్రాక్టర్ వెళ్లే వీలు చాలా చోట్ల లేదు. మెట్లు మెట్లుగా చేసి, ఒక్కో మెట్టుకీ సున్నం లేకుండా రాళ్లు పేర్చిన గోడ. ఒక్కో తీగనీ ఒక్కో కర్రకి కట్టి ఉంచుతారు. నేల గ్రానైట్, కాళ్ల కింద పొడిపొడిగా రాలిపోతుంటుంది. వాన గట్టిగా పడితే ఆ మట్టి కిందికి కొట్టుకొస్తుంది, దాన్ని మళ్లీ పైకి మోసుకెళ్లాల్సిందే. గోడ కూలితే అదే రాళ్లతో మళ్లీ పేర్చాల్సిందే. మేం వెళ్లినప్పుడు ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని గోడ సరిచేస్తున్నాడు. రాయి తిప్పి చూస్తాడు, పక్కన పెడతాడు, ఇంకోటి తీస్తాడు. మావారు మాట కలపబోతే తల కూడా ఎత్తలేదు.

కొండ గిన్నెలా వంగి తూర్పు, దక్షిణాలకి తిరిగి ఉంటుంది. లోయ వెంట ఉత్తరం నుంచి వీచే మిస్త్రాల్ గాలి లోపలికి అంతగా రాదు. అందుకే ఎర్మిటాజ్ కన్నా ఇక్కడ ముందే కోతలు మొదలవుతాయట. వేసవి మధ్యాహ్నం ఆ గోడల దగ్గర నిలబడితే రామగుండం గుర్తొచ్చింది.

పక్క ఊరు సాన్-పెరేలో కొండ కొమ్మున క్రుసోల్ అనే పాత కోట శిథిలాలున్నాయి. వైన్ పట్టనివాళ్లు అక్కడికి వెళ్లండి, లోయంతా కనిపిస్తుంది.

---

ద్రాక్షారామం (లియోన్)

లక్ష్మి గారూ, అద్భుతంగా చెప్పారు. దీనికి ఇంకో ముక్క కలపాలి. ఆ కొండలో చాలా భాగం ఒకప్పుడు అడవి పట్టిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధానికి మగవాళ్లు పోయారు, తర్వాత తరం వలాన్స్ ఫ్యాక్టరీల్లో జీతాలకి వెళ్లిపోయింది. చేత్తో తవ్వే కొండ చేలు ఎవరికి కావాలి? 1970ల నాటికి ఇప్పుడున్న తోటల్లో సగం కూడా లేవు. ఇప్పుడు 150 హెక్టార్లు దాటాయి. అయినా బోర్డోలో ఓ రెండు పెద్ద షాతోల (వైన్ ఎస్టేట్ల) తోటలు కలిపితే ఈ ఊరంతటికీ సరితూగుతాయి.

పంట పండించి టోకు వర్తకులకి అమ్మేయడమే అప్పటి పద్ధతి. సొంతంగా సీసాలకెత్తి సొంత పేరుతో అమ్మొచ్చని ఊరికి చూపించినవాళ్లలో ఆగస్ట్ క్లాప్ ముందుంటారు. ఆయన 2018లో పోయారు. కొడుకు పియెర్-మరీ, మనవడు ఒలివియే నడుపుతున్నారు. పద్ధతి మాత్రం పాతదే. గుత్తులు కాడలతో సహా సిమెంటు తొట్లలో పులియబెట్టడం, తర్వాత పెద్ద పెద్ద పాత పీపాల్లో దాదాపు రెండేళ్లు ఉంచడం. కొత్త ఓక్ చెక్క పీపాల వాసన దగ్గరికి రానివ్వరు.

---

పాతకాపు (లండన్)

కోర్నాస్ మంచిదే, కాదనను. కానీ ఉత్తర రోన్‌లో రాజు ఎర్మిటాజ్. కోర్నాస్ బలం చూపిస్తుంది, ఎర్మిటాజ్‌కి బలంతో పాటు నడక కూడా ఉంది. ఒకే ఒక్క కొండ, దాదాపు 135 హెక్టార్లు, కింద టాన్ ఊరు. 18, 19 శతాబ్దాల్లో బోర్డో వర్తకులు తమ వైన్ పల్చగా ఉన్న ఏడాది ఎర్మిటాజ్ తెప్పించి కలిపేవాళ్లు. దొంగచాటుగా కూడా కాదు, అలా కలిపిన దానికే ఎక్కువ ధర పలికేది!

ఎర్మిటాజ్ చేసే షావ్ కుటుంబం 1481 నుంచి ఉత్తర రోన్‌లో ద్రాక్ష పండిస్తోంది. జబూలే వారి ఎర్మిటాజ్ ‘లా షపెల్’ 1961 అయితే ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ఎర్ర వైన్ల జాబితా ఎవరు రాసినా అందులో ఉంటుంది. కోర్నాస్‌కి అలాంటి సీసా ఒక్కటి చెప్పండి.

---

హ్యూస్టన్_మావయ్య

పాతకాపు గారూ, మా థామస్ జెఫర్సన్ (తర్వాత అమెరికా అధ్యక్షుడైనాయన) 1787లో టాన్ వెళ్లి ఎర్మిటాజ్‌ని మెచ్చుకున్నాడు కానీ, ఆయన మనసు పారేసుకున్నది తెల్లదాని మీద. అది మీరు కావాలనే చెప్పలేదు 😀

---

ద్రాక్షారామం (లియోన్)

> కోర్నాస్‌కి అలాంటి సీసా ఒక్కటి చెప్పండి

కోర్నాస్ రైతు నోయెల్ వెర్సే సీసాలు. ఆయన చివరి పంట 2006. బతికున్నంత కాలం మామూలు రైతు ధరకే అమ్మారు. 2015లో పోయారు. ఇప్పుడు ఆయన సీసాలు వేలంలో ఏ ధరకి పోతున్నాయో చూడండి, మీ ‘లా షపెల్’ పక్కన నిలబెట్టొచ్చు. తియెరీ అల్‌మాన్ చేసే కోర్నాస్ ‘రెనార్’ కూడా అంతే, మనలాంటి వాళ్ల చేయి దాటిపోయింది.

రాజు ఎవరనే పంచాయితీ నాకొద్దు. ఎర్మిటాజ్‌లో అన్నీ కుదురుతాయి, నిజమే. కోర్నాస్‌లో అన్నీ కుదరవు, ఏదో ఒకటి పొడుచుకుని బయటికి కనిపిస్తుంటుంది. ఒక్కోసారి పులుపు, ఒక్కోసారి వగరు, ఒక్కోసారి ఆ రక్తపు రుచి. నాకు అదే కావాలి.

---

నల్లకుంట_నరేష్

కొత్తవాణ్ణి, తప్పుగా అడిగితే ఏమనుకోవద్దు. ఆమధ్య దుబాయ్‌లో ఒక కోర్నాస్ తాగాను, పేరు చెప్పను. పశువుల కొట్టం వాసన! పేడ, తోలు, తడి గడ్డి. ఫ్రెండేమో ‘అదే దాని క్యారెక్టర్’ అన్నాడు. మీరు చెప్పే గరుకుదనం ఇదేనా?

---

కెమిస్ట్రీ_మాస్టారు (వరంగల్)

నరేష్ గారూ, మంచి ప్రశ్న. అది బ్రెట్టనోమైసెస్ అనే ఈస్ట్ చేసిన పని అయ్యుండొచ్చు. అందరూ పొట్టిగా ‘బ్రెట్’ అంటారు. పాత చెక్క పీపాల సందుల్లో ఉండిపోయి, మెల్లగా వైన్‌లో పెరుగుతుంది. అది తయారుచేసే 4-ఇథైల్ ఫినాల్ వల్లే ఆ కొట్టం వాసన. దాని తోడు 4-ఇథైల్ గ్వయకాల్ వల్ల లవంగం, పొగ వాసన.

రవ్వంత ఉంటే చాలామందికి ఇష్టమే, తోలు వాసన అని మురిసిపోతారు. ఎక్కువైతే మిగతావన్నీ మింగేస్తుంది. ఏ ఊరి వైన్ అయినా ఒకేలా కంపు కొడుతుంది. అప్పుడది క్యారెక్టర్ అనడం మీ ఫ్రెండు పెద్దమనసు.

---

పాతకాపు (లండన్)

మాస్టారితో సగమే ఏకీభవిస్తా. పాత రోన్ వైన్లు తాగిన మా తరానికి ఆ కొట్టం వాసన లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. ఇప్పుడు అన్నీ స్టీలు తొట్లు, అన్నీ శుభ్రం. శుభ్రం మంచిదే, కానీ ఆసుపత్రి కాదు కదా వైన్ దాచే సెల్లార్!

---

ద్రాక్షారామం (లియోన్)

ఈ గొడవ కోర్నాస్‌లో 1980ల నుంచీ ఉంది. జాన్-లూక్ కొలంబో అనే వైన్ నిపుణుడు అప్పుడే ఆ ఊరొచ్చి స్థిరపడ్డాడు. కాడలు తీసేయండి, సెల్లార్లు శుభ్రం చేయండి, కొత్త ఓక్ పీపాలు తెండి అన్నాడు. కొందరు విన్నారు, కొందరు మండిపడ్డారు. ఇప్పటికీ అక్కడ ఒక వైన్ చేతికిస్తే ‘కాడలున్నాయా? కొత్త ఓకా?’ అనే అడుగుతారు.

నా పక్షం మీకు తెలిసిందే. శుభ్రం గురించి ఆయన చెప్పింది నిజం, చెడ్డ పీపాలకి సంప్రదాయం అని పేరు పెట్టకూడదు. కొత్త ఓక్ దగ్గర మాత్రం ఒప్పుకోను. వనిల్లా, కాఫీ వాసనలు పైకి తేలగానే ఆలివ్, మిరియం వెనక్కి పోతాయి. ఆ వైన్ ఎక్కడిదైనా కావచ్చు అనిపిస్తుంది.

కాడల సంగతి వేరు. పచ్చి కాడ వేస్తే చేదు, చిరాకు. బాగా పండి గోధుమ రంగుకి తిరిగిన కాడ వేస్తే వైన్‌కి ఒక తాజాదనం వస్తుంది. ఎండలు ముదిరిన ఈ రోజుల్లో అది ఇంకా అవసరం. ఒకప్పుడు 12.5 శాతం ఆల్కహాల్ వచ్చే చోట ఇప్పుడు 14 మామూలైపోయింది.

---

బెజవాడ_బుల్లోడు

ఇదంతా బాగానే ఉంది కానీ మా సంగతి చెప్పండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాడు ఇది తాగాలంటే ఎలా? ఇక్కడ షాపుల్లో నాకైతే ఎక్కడా కనిపించలేదు.

---

నల్లకుంట_నరేష్

బుల్లోడు గారూ, విదేశీ వైన్ మీద కస్టమ్స్ సుంకమే ఏళ్ల తరబడి 150 శాతం. దాని మీద రాష్ట్రం పన్నులు. 40 యూరోల సీసా ఇక్కడికొచ్చేసరికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. దిగుమతిదారులు పేరున్న బోర్డోలే తెస్తారు, ఊరు పేరు ఎవరూ వినని కోర్నాస్ తెచ్చే ధైర్యం ఎవరు చేస్తారు? ఫ్రాన్స్ నుంచి చుట్టాలెవరైనా వస్తుంటే పట్టుకోండి. పెద్దవాళ్లకి మనిషికి 2 లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే మామూలు సీసాలు రెండు. మూడోది పెడితే 2.25 లీటర్లు, లెక్క దాటిపోతుంది.

తెచ్చాక అల్మరాలో పెట్టకండి. మన మే నెలలో ఇంట్లో పెడితే వైన్ ఉడికిపోతుంది, కార్క్ పైకి తన్నుకొస్తుంది. వైన్ ఫ్రిజ్ ఉంటే 13 డిగ్రీల దగ్గర, లేకపోతే త్వరగా తాగేయండి.

ఇంకో మాట. ‘రూమ్ టెంపరేచర్‌లో తాగాలి’ అని ఎవరో రాసింది పట్టుకుని హైటెక్ సిటీ వైపు ఒక పెద్ద హోటల్లో నాకు వెచ్చటి ఎర్ర వైన్ పోశారు. ఐసు బకెట్ అడిగితే వెయిటర్ జాలిగా చూశాడు. ఆ రూము యూరప్ రాతి ఇంట్లోది, గచ్చిబౌలిది కాదు! 16, 17 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లో గంట, లేదా ఐసు నీళ్లలో పావుగంట. వెచ్చగా పోస్తే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది, ఇంకేదీ తెలియదు.

---

హ్యూస్టన్_మావయ్య

మన దగ్గర సిరా లేకపోలేదు. నాసిక్‌లో, నంది హిల్స్ వైపు షిరాజ్ పేరుతో చాలా చేస్తున్నారు. హంపీ కొండల దగ్గర క్రస్మా ఎస్టేట్స్ అయితే మనవాళ్లదే. గ్రాన్యూల్స్ ఇండియా అనే మందుల కంపెనీ పెట్టిన దంపతుల తోట. మొన్న ఇండియా వచ్చినప్పుడు తాగాను. కోర్నాస్‌తో పోల్చను, ఆ ఎండకి పండు వేరేగా ఉంటుంది. కానీ సిరా అంటే ఏమిటో నాలుక్కి అలవాటు కావడానికి బాగుంటుంది.

---

పప్పూ_ఆవకాయ (నెల్లూరు)

అసలు ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు. దీంతో ఏం తినాలి? నాటుకోడి పులుసు చేయనా?

---

ద్రాక్షారామం (లియోన్)

మేం ఆ రాత్రి గొర్రె తొడ మాంసం, వెల్లుల్లి, రోజ్‌మేరీ వేసి ఓవెన్‌లో మెల్లగా వండాం. ఆర్డెష్‌లో అయితే అడవి పంది మాంసం వైన్‌లో ఉడకబెట్టి తింటారు. వగరు పని ఇక్కడే తెలుస్తుంది. విడిగా తాగితే చిగుళ్లు పట్టేసిన వైన్, ఒక ముద్ద కొవ్వున్న మాంసం తిన్నాక మెత్తబడిపోతుంది.

నాటుకోడి పులుసు మన పద్ధతిలో, మన కారంతో అయితే వద్దు. గోంగూర మాంసం అసలే వద్దు. కారం మీద ఆల్కహాల్ పడితే నోరు ఇంకా మండుతుంది, వగరు చేదుగా మారుతుంది. పైగా ఆ పులుపు ముందు వైన్ నీళ్లలా ఉంటుంది.

---

కెమిస్ట్రీ_మాస్టారు (వరంగల్)

కారణం ఇదీ. వైన్‌లో ఉండే టానిన్లు అనే పదార్థాలు మన లాలాజలంలో ఉన్న ప్రోటీన్లని పట్టుకుంటాయి. నోటి జారుడుతనం పోతుంది, దాన్నే మనం వగరు అంటున్నాం. ప్లేట్లో ప్రోటీన్, కొవ్వు ఉంటే టానిన్లకి పట్టుకోవడానికి ఇంకోటి దొరుకుతుంది, లాలాజలం జోలికి తక్కువ పోతాయి. కారం మంటని మాత్రం వైన్ తగ్గించలేదు.

---

పప్పూ_ఆవకాయ (నెల్లూరు)

అయితే మిరప్పొడి మానేసి, మిరియాలు మాత్రం దంచి వేసి మటన్ వేపుడు చేస్తే? రోటండోన్‌కి రోటండోన్ 😀

---

నల్లకుంట_నరేష్

చేయండి, కచ్చితంగా కుదురుతుంది. మా ఇంట్లో పత్తర్ కా గోష్త్‌తో సిరా తాగుతాం. రాతి మీద కాల్చిన ఆ పొగ వాసన, మిరియం, మాంసం కొవ్వు, అన్నీ ఈ వైన్‌కి సరిపోయేవే. పచ్చిమిర్చి మాత్రం తగ్గించి చేయించుకుంటాను. పక్కన నిమ్మకాయ పిండకండి.

---

లక్ష్మి_గ్రెనోబుల్

శాకాహారుల్ని మర్చిపోయారు! మా ఇంట్లో వంకాయ నిప్పుల మీద కాల్చి, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఉప్పు, బోలెడు మిరియాలు వేస్తాను. చింతపండు వేయను. వేస్తే అది మన పచ్చడి అవుతుంది, వైన్ పాడవుతుంది. పుట్టగొడుగులు వెన్నలో బాగా ఎర్రబడేదాకా వేయించినా బాగుంటుంది. చివర్లో పికోడోన్ అని అక్కడి మేక పాల చీజ్, బాగా ఎండినది. మావారు దీనికోసమే సీసా అడుగున ఒక గుక్క మిగుల్చుకుంటారు.

---

బెజవాడ_బుల్లోడు

సరే, ఒప్పేసుకున్నా. మా కజిన్ వచ్చే నెల పారిస్ నుంచి వస్తున్నాడు. బడ్జెట్ సీసాకి 25 యూరోలు, అంతకు పైసా ఎక్కువ పెట్టను. ఏం తెమ్మనాలి?

---

పాతకాపు (లండన్)

25 యూరోలకి కోర్నాస్ రాదు బాబూ. క్రోజ్-ఎర్మిటాజ్ తెప్పించుకో, లేదా సాన్-జోసెఫ్. రెండూ సిరానే. క్రోజ్‌లో చాలా భాగం చదును నేల, మెత్తగా ఉంటుంది. సాన్-జోసెఫ్ అదే పడమటి ఒడ్డున గ్రానైట్ కొండలు, కొంచెం బిగువు ఎక్కువ. ద్రాక్షారామానికి నచ్చిన దారిలో వెళ్లాలంటే సాన్-జోసెఫ్.

---

ద్రాక్షారామం (లియోన్)

ఈ ఒక్క విషయంలో పాతకాపు గారితో వంద శాతం. 2021 సాన్-జోసెఫ్ దొరికితే వదలకు. ఆ ఏప్రిల్‌లో మంచు పడి పంట దెబ్బతింది, వేసవి కూడా చల్లగానే గడిచింది. విమర్శకులు పెద్దగా మెచ్చుకోలేదు కాబట్టి ధర పెరగలేదు. ఆల్కహాల్ తక్కువ, మిరియం ఎక్కువ. 2022 ఎండల ఏడాది, పండు కావాలంటే అది. కోర్నాస్‌లో 2011, 2014 ఇప్పుడు తాగడానికి హాయిగా ఉన్నాయి. 2010, 2015 ఉన్నవాళ్లకి ఓపిక ఉంటే ఇంకొంచెం ఆగండి, తొందరైతే మధ్యాహ్నమే డికాంటర్‌లో పోసుకోండి.

ఇంకోటి, డిసెంబర్ మొదట్లో కోర్నాస్ ఊళ్లోనే వైన్ సంత పెడతారు. ఊరి రైతులంతా ఒకే చోట గ్లాసులో పోసి రుచి చూపిస్తారు. లియోన్ నుంచి వలాన్స్‌కి రైలు గంటకు పైగా, అక్కడి నుంచి నది దాటితే ఊరు. నేను వెళ్తున్నా. గ్రెనోబుల్ నుంచి మీవారిని పంపుతారా లక్ష్మి గారూ?

---

లక్ష్మి_గ్రెనోబుల్

పంపడం ఏమిటి, నేనూ వస్తాను. ఎవరో ఒకరు కారు నడపాలి కదా. వెనక సీట్లో ఇద్దరికి చోటుంది, ముందు చెప్పినవాళ్లకే.

---

పాతకాపు (లండన్)

ఒక సీటు నాది. ఒక పూట టాన్‌లో ఆపాలి, ఎర్మిటాజ్ కొండ చూడకుండా తిరిగి వెళ్లేది లేదు.

---

ద్రాక్షారామం (లియోన్)

ఆపుదాం. మీరు కొండ ఎక్కండి, మేం కింద వాల్‌రోనా చాకొలెట్ షాపులో ఉంటాం.